శిఖరాగ్ర సదస్సును మన ఊరి అరుగు మీదికి తేవడం ఎలా?

2021 నవంబరు 13, శనివారం. గ్లాస్గోలో జరుగుతున్న వాతావరణ సదస్సు శుక్రవారమే ముగియాలి, ముగియలేదు. ఆ రోజు విడుదలైన ముసాయిదా చదివి, "బొగ్గుకు ఇక చెల్లుచీటీ" అని శీర్షిక పెట్టి నాలుగు పేరాలు రాశాను. బ్లాగులో వేసి, వాట్సాప్‌లో చుట్టాలకీ స్నేహితులకీ పంపేసి హాయిగా పడుకున్నాను. మన టైములో అర్ధరాత్రి దాటాక ఆ ముసాయిదాలో బొగ్గు వాక్యంలోని అసలు మాట మారింది. 'ఫేజ్ అవుట్' అన్నది 'ఫేజ్ డౌన్' అయింది. ఎత్తేయడం పోయి తగ్గించడం వచ్చింది. ఆ మార్పును సభలో చదివింది మన పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవే. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ ఇలా జరిగినందుకు క్షమాపణ చెబుతూ, గొంతు పూడుకుపోయి మధ్యలో ఆగిపోయారు. ఇదంతా జరుగుతుంటే నేను నిద్రలో ఉన్నాను.

ఆదివారం పొద్దున్నే గోదావరిఖని నుంచి మా బావ ఫోను. "ఏంది బావా, మా గనులు మూస్తరని పెట్టినవ్? టీవీలేమో మూయరు, తగ్గిస్తరంటున్నరు. ఏది నిజం? తగ్గించుడంటే ముందు ఎవరిది తగ్గిస్తరు?"

మొదటి ప్రశ్నకు జవాబు సులువు: తప్పు నాదే, దిద్దుకున్నాను. రెండో ప్రశ్నకు ఆ ఒప్పందం మొత్తం వెతికినా జవాబు దొరకలేదు. అప్పుడు తెలిసింది, నేను ఇన్నాళ్లూ సదస్సు వార్తలు జనానికి చేరవేస్తున్నానే గానీ జనం మాట సదస్సు వైపు ఒక్కటీ మోయలేదని. 2009 ఏప్రిల్‌లో లండన్ జీ20 సదస్సుకు సుమారు 50 మంది బ్లాగర్లను లోపలికి రానిచ్చారు. అప్పట్లో అది పెద్ద విశేషం. కానీ లోపల కూర్చుని రాయడం వేరు, బయట ఉన్నవాళ్లని కలుపుకోవడం వేరు. రెండోది హైదరాబాదులోనో హనుమకొండలోనో ఇంట్లో కూర్చుని కూడా చేయొచ్చు. ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు వాతావరణ సదస్సునే తీసుకుంటాను.

మొదట: ఏ సదస్సో తేల్చుకోండి

అన్ని సదస్సులూ ఒకలా ఉండవు. జీ20 తలుపులు మూసుకుని మాట్లాడుకునే వ్యవహారం. దేశాధినేతల తరఫున 'షెర్పాలు' అనే అధికారులు నెలల తరబడి ముసాయిదాతో కుస్తీ పడతారు, ఆఖరి రోజు మనకు పూర్తయిన ప్రకటన చేతికొస్తుంది. 2023లో మన దేశం అధ్యక్షత వహించినప్పుడు మార్చి 28, 29 తేదీల్లో విశాఖలో మౌలిక వసతుల కార్యవర్గ సమావేశం జరిగింది. జూన్‌లో హైదరాబాదులో వ్యవసాయ మంత్రులు కలిశారు. విశాఖలో మాట్లాడుకున్నది రేపటి నగరాలకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలని. అంటే మునిసిపాలిటీలు అప్పు ఎలా పుట్టించాలి, ఆ అప్పు ఎలా తీర్చాలి అన్న విషయం. విశాఖలో ఆస్తి పన్ను కట్టే ప్రతివాడికీ సంబంధించిన సంగతి! కానీ జనం మాట్లాడుకున్నది గోడల మీద రంగుల గురించీ ట్రాఫిక్ మళ్లింపుల గురించీ.

ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు, అందరూ 'కాప్' అనేది, దీనికి భిన్నం. ముసాయిదాలు ఎప్పటికప్పుడు సదస్సు వెబ్‌సైట్లో పెడతారు. పెద్ద సభలు, విలేకరుల సమావేశాలు లైవ్‌లో వస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దీనికి మించింది లేదు. జీవవైవిధ్యం మీద జరిగే సదస్సులూ ఇదే తీరు. వాటిలో పదకొండోది 2012 అక్టోబరులో మన హైదరాబాదులోనే, హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో జరిగింది. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ 'హైదరాబాద్ ప్రతిజ్ఞ' పేరుతో 5 కోట్ల డాలర్లు ప్రకటించిందీ అక్కడే.

ఒకే దారం పట్టుకోండి

కాప్‌లో ఒకేసారి డజన్ల కొద్దీ విషయాల మీద చర్చలు నడుస్తుంటాయి. అన్నీ పట్టుకుందామని చూస్తే రెండో రోజుకే చేతులెత్తేస్తారు. మీరున్న చోటును బట్టి ఒక్క దారం ఎంచుకోండి. సింగరేణి ప్రాంతం వాళ్లయితే బొగ్గు, దానితోపాటు 'జస్ట్ ట్రాన్సిషన్', అంటే పాత ఇంధనం పోతుంటే దాని మీద బతికేవాళ్లను రోడ్డున పడేయకుండా మారడం. ఉప్పాడ వైపు వాళ్లకు సముద్రం ఏటా కొంత తినేస్తున్న తీరం ఉంది, కాబట్టి నష్టపరిహార నిధి, అంటే వాతావరణ మార్పుతో జరిగిపోయిన నష్టానికి పేద దేశాలకు సాయమిచ్చేది. పల్నాడులోనో పాలమూరులోనో ఎండలో పని చేసేవాళ్ల గురించి రాయాలనుకుంటే, మారుతున్న వాతావరణాన్ని తట్టుకునే ఏర్పాట్లకు వచ్చే డబ్బు. 2015 వేసవి వడగాడ్పులకు దేశంలో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. ఇది మనకు దూరపు కబురేమీ కాదు.

దారం ఎంచుకున్నాక ఒక మనిషిని కూడా ఎంచుకోండి. పేరూ ముఖమూ ఉన్న ఒక మనిషి. ప్రతి పోస్టూ ఆ మనిషికి రాసే ఉత్తరం అనుకోండి. నాకు మా బావ. నేను రాసిన వాక్యం ఆయన షిఫ్టు దిగి బస్సులో చదువుకుంటే అర్థమవుతుందా? అర్థం కాదనిపిస్తే కొట్టేస్తాను. నిపుణుల కోసం రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

క్యాలెండరు జూన్ నుంచి మొదలవుతుంది

చాలామంది నవంబరులో మేలుకుంటారు. అప్పటికి పెళ్లి పందిరి వేసేశారు, వంటలు కూడా అయిపోవచ్చాయి. ప్రతి జూన్‌లో జర్మనీలోని బాన్‌లో అధికారుల స్థాయి సమావేశాలు జరుగుతాయి. నవంబరులో చూసే ముసాయిదాల్లో చాలావాటి బీజాలు అక్కడే పడతాయి. దేశాలు తమ అభిప్రాయాలను లిఖితపూర్వకంగా పంపేదీ సదస్సుకు నెలల ముందే. మన ప్రభుత్వం పంపినవి కూడా సదస్సు వెబ్‌సైట్లో దొరుకుతాయి. జనం ప్రశ్నను ముందుకు తోయాలంటే జూన్, సెప్టెంబరు మధ్య కాలమే సరైనది. నవంబరు రెండో వారంలో మనం ఏం అరిచినా అది గాలిలో కలిసిపోతుంది.

సదస్సు రెండు వారాలు. మొదటి వారం అధికారులది, రెండో వారం మంత్రులది. ముగింపు తేదీని మాత్రం ఎప్పుడూ నమ్మకండి. గ్లాస్గో ఒక రోజు ఎక్కువ సాగింది. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ సదస్సు నవంబరు 18న ముగియాల్సింది, 20 తెల్లవారుజామున నష్టపరిహార నిధి ఒప్పుకున్నాకే ముగింపుకొచ్చింది. 2024లో అజర్‌బైజాన్‌లోని బాకు రెండు రోజులు ఎక్కువ సాగింది. 2025లో బ్రెజిల్‌లోని బెలెం ఒక రోజు ఎక్కువ. కాబట్టి సెలవు పెట్టేవాళ్లు శుక్రవారానికి కాదు, శని ఆదివారాలు ఖాళీ ఉంచుకోండి. టైము తేడా కూడా ముందే లెక్కేసుకోవాలి. 2023లో సదస్సు జరిగిన దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కాబట్టి హాయి. బెలెం ఎనిమిదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఆరింటి సభ చూడాలంటే మనం తెల్లవారుజామున రెండున్నరకి లేవాలి. నేను రెండు అలారాలు పెట్టుకుంటాను, ఒకటి నాకు, ఒకటి నా బద్ధకానికి.

ముసాయిదా చదవడం: అసలు పని ఇదే

వార్తల్లో వచ్చేది ఎవరో చదివి చెప్పిన సారాంశం. మీ పోస్టుకు విలువ రావాలంటే మీరే మూలం చదవాలి. ఇంగ్లీషు భయపెడుతుంది గానీ మూడు సంగతులు తెలిస్తే చాలు.

ఒకటి, చదరపు బ్రాకెట్లు. ముసాయిదాలో బ్రాకెట్లో ఉన్న మాట ఇంకా ఒప్పుకోనిది. సాధన కోసం నేనే కల్పించిన ఒక వాక్యం చూడండి:

"తట్టుకునే ఏర్పాట్లకు ఇచ్చే నిధులను [2030 నాటికి] [వీలైనంత త్వరగా] [రెట్టింపు] [మూడు రెట్లు] చేయాలని ధనిక దేశాలను [ఆదేశిస్తుంది] [గట్టిగా కోరుతుంది] [ప్రోత్సహిస్తుంది]."

ఎన్ని వాక్యాలున్నాయి ఇందులో? లెక్కేస్తే పన్నెండు. అందులో ఒకదానికి పళ్లున్నాయి, ఇంకోటి ఉత్త పలకరింపు. విలేకరి తొందరలో ఉంటే "నిధులు మూడు రెట్లు" అని రాసేస్తాడు. నేనూ గ్లాస్గో రోజు అలాంటి పనే చేశాను. బ్రాకెట్ ఉన్న మాటను జరిగినట్టు రాయకూడదు. "మూడు రెట్లు చేయాలన్న మాట ఇంకా బ్రాకెట్లో ఉంది" అని రాయండి. పాఠకులు రెండు రోజుల్లో అలవాటు పడతారు. మా బావ ఇప్పుడు ఫోను చేస్తే ముందు అడిగేది, "బ్రాకెట్ తీసిన్రా?" అనే.

రెండు, క్రియాపదాలు. కాప్ నిర్ణయాల్లో ప్రతి పేరా ఒక క్రియతో మొదలవుతుంది, బలం అంతా దానిదే. 'డిసైడ్స్' అంటే నిర్ణయం, గట్టిది. 'రిక్వెస్ట్స్' మర్యాదగా కనిపిస్తుంది గానీ, సదస్సు నడిపే ఐరాస సచివాలయానికి చెప్పినప్పుడు అది పని అప్పగించడమే. 'అర్జెస్' అంటే గట్టిగా కోరడం. 'ఇన్వైట్స్', 'ఎంకరేజెస్' వచ్చేసరికి మీ ఇష్టం అన్నట్టే. ఇక 'టేక్స్ నోట్' అంటే మన ఆఫీసుల్లో "మీ అర్జీ ఫైల్లో పెట్టాం" అన్న మాట. 2009లో కోపెన్‌హేగన్ ఒప్పందానికి పట్టిన గతి అదే. దాన్ని సదస్సు ఆమోదించలేదు, 'టేక్స్ నోట్' అని వదిలేసింది.

ఇది తెలిస్తే కొన్ని శీర్షికల గాలి తీసేయొచ్చు. తట్టుకునే ఏర్పాట్ల నిధులను 2019 స్థాయికి కనీసం రెట్టింపు చేయమని గ్లాస్గోలో ధనిక దేశాలను గట్టిగా కోరారు, గడువు 2025. బెలెంలో అది మూడు రెట్లయింది, పేపర్లు పండగ చేసుకున్నాయి. మూలం చూస్తే అక్కడున్నది "మూడు రెట్లు చేసే ప్రయత్నాలు జరగాలని పిలుపు", గడువేమో 2035. అంకె పెరిగింది, దాన్ని మోసే మాట సన్నబడింది. ఈ ఒక్క సంగతి మూడు వాక్యాల్లో చెప్పగలిగితే ఆ రోజు మీ పోస్టు చాలా పేపర్ల కంటే నయం.

మూడు, చిన్న మాటలు. 2015 డిసెంబరు 12న పారిస్ ఒప్పందం ఆఖరి ప్రతిలో, ధనిక దేశాలు ఉద్గారాలు తగ్గించడంలో ముందుండి నడవాలి అన్న చోట 'షల్' అని పడింది. షల్ అంటే చేసి తీరాలి. అమెరికా అభ్యంతరం చెప్పింది. చట్టపరమైన కట్టుబాటు అయితే దాన్ని వాళ్ల సెనేటుకు తీసుకెళ్లాలి, అక్కడ గట్టెక్కే దారి లేదు. చివరికి సచివాలయం దాన్ని అచ్చుతప్పుల సవరణల జాబితాలో చేర్చి 'షుడ్' అని చదివేసింది. షుడ్ అంటే చేస్తే బాగుంటుంది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన ఒప్పందం ఆ రోజు ఒక్క మాట మీద ఆగింది!

తెలుగు మాటల పట్టీ ముందే రాసుకోండి

ఇక్కడ నాది కొంచెం మొండి అభిప్రాయం. పత్రికల్లో వాడే 'ఉపశమనం', 'అనుకూలత' లాంటి మాటలు జనానికి ఏమీ చెప్పవు. ఉపశమనం అంటే తలనొప్పి మాత్ర గుర్తొస్తుంది. మిటిగేషన్‌కు నేను 'పొగ తగ్గించుకోవడం' అంటాను. అడాప్టేషన్ 'తట్టుకునే ఏర్పాట్లు'. లాస్ అండ్ డ్యామేజ్ 'జరిగిపోయిన నష్టం'. హుద్‌హుద్ చూసిన విశాఖ మనిషికి ఈ మూడింటి తేడా ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. తుపాన్లు ముదరకుండా చూడటం మొదటిది, గాలికి పడని కరెంటు స్తంభాలు రెండోది, పడిపోయిన ఇంటికి ఎవరు డబ్బిస్తారన్నది మూడోది.

'ఫేజ్ అవుట్', 'ఫేజ్ డౌన్' విషయంలో 'దశలవారీగా' అన్న మాట రెండింటికీ వాడి చాలామంది తేడా చెరిపేశారు. 'క్రమంగా ఎత్తేయడం', 'క్రమంగా తగ్గించడం' అని స్పష్టంగా రాయండి. గ్లాస్గో వాక్యంలో ఇంకో కొర్రీ ఉంది: 'అన్‌అబేటెడ్'. అంటే పొగలోని కార్బన్‌ను పట్టి ఆపే ఏర్పాటు లేని బొగ్గు కరెంటు. ఆ మాట వదిలేస్తే బొగ్గంతా అన్న అర్థం వస్తుంది. మెషిన్ అనువాదం ఇలాంటి చోట్లే బోల్తా కొడుతుంది. దాన్ని మొదటి చూపుకు వాడుకోండి, తప్పులేదు. క్రియలు, బ్రాకెట్లు మాత్రం మీ కళ్లతో సరిచూసుకున్నాకే పోస్టు చేయండి.

జనానికి అలవాటైన ఇంగ్లీషు మాటను బలవంతంగా తెనిగించకండి. కార్బన్ కార్బనే, సబ్సిడీ సబ్సిడీయే.

రోజూ రాత్రి గంటన్నర

సదస్సు జరిగే రెండు వారాలూ నా పద్ధతి ఇది. ముందు ఆ రోజు కొత్త ముసాయిదా వచ్చిందేమో చూసి, నా దారం ఉన్న పేరాను నిన్నటి దానితో పక్కపక్కన పెట్టి చదువుతాను. రెండు ప్రతులూ ఫోన్లో దాచుకుంటాను, తేదీ, టైముతో సహా. తర్వాత 'ఎర్త్ నెగోషియేషన్స్ బులెటిన్'. 1992 నుంచీ ఐరాస పర్యావరణ చర్చలను రోజువారీగా రాస్తున్న పత్రం, పొడి పొడిగా ఉంటుంది గానీ ఏ గదిలో ఎవరు దేనికి అడ్డం పడ్డారో చాలావరకు తెలుస్తుంది. స్వచ్ఛంద సంస్థల కూటమి నడిపే 'ఎకో' కరపత్రం సరదాగా ఉంటుంది, పక్షం వహిస్తుంది. అది తెలిసి చదివితే నష్టం లేదు. మన ప్రభుత్వం వాదన కోసం కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ప్రకటనలు. ఇవి కూడా ఒక పక్షమే అని గుర్తుంచుకోవాలి.

లైవ్‌లో ఏది చూడాలి? దేశాధినేతల ప్రసంగాలు వదిలేయండి. మరుసటి రోజు పేపర్లో ఎలాగూ వస్తాయి. చూడాల్సింది 'స్టాక్‌టేక్' సభలు, అంటే చర్చలు ఎంతవరకొచ్చాయో అధ్యక్షుడు లెక్క చెప్పేవి. ఇంకా ఆఖరి ప్లీనరీ, అంటే అన్ని దేశాలూ కూర్చుని ఒప్పందాన్ని ఆమోదించే సభ. బాకులో 2024 నవంబరు 24 తెల్లవారుజామున అధ్యక్షుడు ఆమోదానికి గుర్తుగా బల్ల మీద సుత్తి కొట్టేసి నిధుల ఒప్పందం ఆమోదమైందన్నారు. ఆ తర్వాత మాట్లాడిన మన ప్రతినిధి చాందినీ రైనా, తమకు మాట్లాడే అవకాశం ఇవ్వకుండానే ఆమోదించారని నిలదీసి, ఆ పత్రం కనికట్టుకు మించింది కాదన్నారు. లైవ్ చూసినవాళ్లకు సుత్తి ముందు పడిందని తెలుసు. సారాంశాలు మాత్రమే చదివినవాళ్లకు "భారత్ వ్యతిరేకించింది, అయినా ఆమోదమైంది" అన్నది అయోమయంగా ఉంటుంది.

ఆ ఒప్పందంలోని అంకెనే తీసుకుని పోస్టు ఎలా రాయాలో చూపిస్తాను. 2035 నాటికి పేద దేశాలకు ఏడాదికి 30,000 కోట్ల డాలర్లు. డాలరు 84 రూపాయలనుకుంటే దాదాపు 25 లక్షల కోట్ల రూపాయలు. ఇక్కడితో ఆపేస్తే పాఠకుడు "అబ్బో" అనుకుంటాడు. రెండో వాక్యం: ఇది గ్రాంటు అని ఎక్కడా లేదు, ప్రభుత్వాలిచ్చేదీ ప్రైవేటు పెట్టుబడీ అప్పులూ అన్నీ ఇందులో కలపొచ్చు. మూడో వాక్యం: పేద దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్ల డాలర్లు, ఆ అంకె కూడా పత్రంలో ఉంది కానీ "అందరూ కలిసి ప్రయత్నించాలి" అన్న పిలుపు రూపంలో. నాలుగో వాక్యం మీ ఊరిది: ఉప్పాడలో రాళ్ల గోడ కట్టాలంటే ఈ డబ్బులో ఏ భాగం నుంచి వస్తుంది? జవాబు తెలియకపోతే ప్రశ్నగానే వదిలేయండి.

పోస్టు 300, 400 మాటలు దాటొద్దు. దానితోపాటు రెండు నిమిషాల ఆడియో మీ గొంతుతో చదివి పంపండి. మా పెద్దమ్మలాంటి వాళ్లు చదవరు, వింటారు.

జనం నుంచి ప్రశ్న రాబట్టడం

"మీ అభిప్రాయాలు తెలపండి" అని అడిగితే వచ్చేవి దండాల బొమ్మలే. ఒక్క ప్రశ్న అడగండి, జవాబు వాళ్ల బతుకులోంచి వచ్చేలా. "వాతావరణ మార్పుపై ఏమంటారు?" అని కాదు, "నిరుడు మే నెలలో ఎండ వల్ల ఎన్ని రోజులు పనికి వెళ్లలేదు, ఆ కూలి ఎవరైనా ఇచ్చారా?" అని. జవాబు వాయిస్ మెసేజీగా పంపమనండి. టైపు చేయమంటే సగం మంది ఆగిపోతారు.

వచ్చినవాటిని వాడుకునే ముందు మళ్లీ అడగాలి. ముఖ్యంగా ఉద్యోగం ఉన్నవాళ్ల మాటలు. పేరు వద్దంటే తీసేయడం సరిపోదు, ఏ షిఫ్టు, ఏ గని, ఎన్నేళ్ల సర్వీసు అన్న వివరాలతోనూ మనిషిని పోల్చేస్తారు. ఒకసారి నేను పేరు మార్చి రాసినా, "మెడలో ఎర్ర తువ్వాలు" అన్నందుకు ఆయనెవరో పని చోట అందరికీ తెలిసిపోయింది. ఆయన నన్నేమీ అనలేదు, నాకే టెన్షన్ వారం రోజులు పోలేదు.

పది ప్రశ్నలొస్తే వాటిని కలిపి ఒక్కటి చేయండి. ఆ ఒక్కటీ ముసాయిదాలోని ఫలానా పేరాకు ముడిపడి ఉండాలి. ముడి పడకపోతే అది మంచి ప్రశ్నే కావచ్చు, ఈ సదస్సుకు సంబంధించింది కాదు. పక్కన పెట్టుకోండి, పనికొస్తుంది.

ఆ ప్రశ్నను మోసుకెళ్లే దారులు

మనం ఇంట్లో కూర్చుని బెలెంలో ఉన్న ప్రతినిధిని అడగలేం. అడగగలిగే చోట్లు వేరే ఉన్నాయి.

అన్నిటికంటే దగ్గరి దారి మీ ఎంపీ. పార్లమెంటులో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. శీతాకాల సమావేశాలు మామూలుగా నవంబరు, డిసెంబరుల్లో ఉంటాయి, సదస్సుకు అటూ ఇటూగా. కాబట్టి అక్టోబరులోనే ఎంపీ ఆఫీసుకు ప్రశ్నను రాసి ఇవ్వండి. ఉపన్యాసం వద్దు. "గ్లాస్గో నిర్ణయం తర్వాత బొగ్గు గనుల కార్మికుల పునరావాసానికి ప్రణాళిక ఉందా? ఉంటే వివరాలు" అన్నట్టు, యథాతథంగా వాడుకోగలిగేలా. నక్షత్రం లేని ప్రశ్నకైనా, అంటే సభలో నోటితో జవాబు చెప్పక్కర్లేని దానికైనా, మంత్రిత్వ శాఖ లిఖితపూర్వకంగా జవాబివ్వాల్సిందే. ఆ జవాబు పార్లమెంటు వెబ్‌సైట్లో శాశ్వతంగా ఉంటుంది. అది మీ తర్వాతి పోస్టు. సింగరేణి విషయమైతే ఇంకో తలుపు ఉంది. అందులో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. ఎమ్మెల్యేనీ అడగొచ్చు.

సమాచార హక్కు రెండో దారి. కేంద్ర పర్యావరణ శాఖకు ఆన్‌లైన్లో 10 రూపాయలతో దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు. కానీ "చర్చల్లో మన వైఖరి ఏమిటి" అని అడిగితే ఆ చట్టంలోని విదేశీ సంబంధాల మినహాయింపు, సెక్షన్ 8(1)(ఎ), చూపించి తోసేసే వీలుంది. ఎంతమంది వెళ్లారు, ఎంత ఖర్చయింది, రాష్ట్రాలను సంప్రదించారా, సంప్రదిస్తే ఆ ఉత్తరాల నకళ్లు ఇవ్వండి అని అడగండి. జరిగిపోయిన వాటి గురించి అడిగితే తోసేయడం కష్టం.

మూడోది, లోపలికి వెళ్లే పరిశీలక సంస్థలు. ఢిల్లీలోని సీఎస్‌ఈ, టెరి లాంటి పర్యావరణ పరిశోధన సంస్థలు ఏళ్లుగా వెళ్తున్నాయి. కార్మిక సంఘాలకు, రైతులకు, యువతకు, మహిళలకు, స్థానిక ప్రభుత్వాలకు అక్కడ విడివిడిగా గుర్తింపు పొందిన బృందాలున్నాయి. మీ ప్రశ్నను ఇంగ్లీషులో అర పేజీగా, ముసాయిదా పేరా నంబరుతో సహా పంపండి. విలేకరుల సమావేశంలో అడగడానికి సరుకు దొరికితే వాళ్లకూ సంతోషమే.

మీరే వెళ్లాలనుకుంటే

విడి వ్యక్తులకు లోపలికి వెళ్లే బ్యాడ్జీ ఇవ్వరు. గుర్తింపు ఉన్న పరిశీలక సంస్థ మీ పేరు పంపాలి, వాళ్లకూ కోటా ఉంటుంది, నెలల ముందే అడగాలి. మీడియా బ్యాడ్జీకి సాధారణంగా పత్రికా సంస్థ ఉత్తరం కావాలి. చర్చలు జరిగేది 'బ్లూ జోన్', బ్యాడ్జీ ఉన్నవాళ్లకే. 'గ్రీన్ జోన్' ప్రదర్శనలు, సభలతో జనం కోసం పెట్టేది, తిరునాళ్ల వాతావరణం. చర్చల గదిలో కూర్చోనిచ్చినా రికార్డింగ్ చేయకూడదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పేది ఒకటే, కాళ్లనొప్పులు. ఇంట్లో ఉన్నవాడికే ముసాయిదా చదివే తీరిక ఎక్కువ.

తప్పు జరిగితే

జరుగుతుంది. పాత పోస్టు తీసేయకండి. పైన "ఫలానా రోజు ఇన్ని గంటలకు సవరించాను, అంతకుముందు ఇలా రాశాను" అని పెట్టండి, ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ సవరణా పంపండి. వాట్సాప్‌లో తప్పు వెళ్లినంత వేగంగా సవరణ వెళ్లదు. అందుకే ఇప్పుడు ఆఖరి సుత్తి పడేదాకా నా ప్రతి పోస్టు మొదటి లైనూ ఒకటే: "ఇది ఫలానా తేదీ, ఫలానా గంట ముసాయిదా. మారొచ్చు."

సదస్సు అయిపోయాక అందరూ మరిచిపోతారు. అప్పుడు మీ పేజీలో ఒక చిన్న పట్టిక తెరవండి: జనం ప్రశ్న, అది ముడిపడిన పేరా, ఎవరిని అడిగాం, ఏ తేదీన, వచ్చిన జవాబు. మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు.

నా పట్టికలో మొదటి వరుస 2021 నవంబరు 14ది: "తగ్గించుడంటే ముందు ఎవరిది తగ్గిస్తరు?" దాని పక్కన రెండు ఉత్తరాల తేదీలున్నాయి. 2025లో బెలెంలో జస్ట్ ట్రాన్సిషన్ కోసం ఒక యంత్రాంగం తయారుచేయాలని నిర్ణయించారని చేర్చాను. క్రియ 'డిసైడ్స్' అని కూడా రాసుకున్నాను. జవాబు గడి ఇంకా ఖాళీగానే ఉంది. మా బావ పోయిన వారం కూడా అడిగాడు.